లాయం శుభ్రం, పొలం సారం

1931లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించిన 'ది వేస్ట్ ప్రొడక్ట్స్ ఆఫ్ అగ్రికల్చర్' చిన్న పుస్తకం. రచయితలు ఇద్దరు. ఆల్బర్ట్ హోవార్డ్ పేరు ప్రపంచమంతా తెలిసింది; రసాయనశాస్త్ర విభాగం చూసిన యశ్వంత్ వాడ్ పేరు అంతగా వినిపించదు. ఇండోర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీలో వారు చేసిన పనే 'ఇండోర్ పద్ధతి'గా పేరుపొందింది. పుస్తకం దృష్టి ముఖ్యంగా దుక్కిటెద్దుల మీద. మరి భిలాయి వంటి ఉక్కు పట్టణంలో, పెళ్ళి ఊరేగింపుల కోసం ఒకటి రెండు గుర్రాలను పెంచుకునే కుటుంబానికి ఇది పనికొస్తుందా? ఈ ప్రశ్నతోనే దీన్ని పరిశీలిద్దాం.

పద్ధతి సులభమైనది. కొట్టంలో నేల మట్టిదే ఉంచుతారు. మూత్రం అందులోకి ఇంకుతుంది. మూడు నాలుగు నెలలకొకసారి ఆ మట్టిని తవ్వి తీసి, కొత్త మట్టి పరుస్తారు. తవ్విన మట్టిని, పేడను, ఆకు అలములను, కట్టెల బూడిదను పొరలుగా వేసి తడుపుతారు. సుమారు 15 రోజులకు, నెలకు, రెండు నెలలకు తిరగవేస్తే మూడు నెలల్లో ఎరువు తయారు. వానాకాలంలో గుంతలో నీరు నిలిచి గాలి ఆడదు కాబట్టి నేలమీదే కుప్ప వేస్తారు.

ఇందులో గొప్పదనమంతా మూత్రాన్ని వదలకపోవడంలో ఉంది. పశువు విసర్జించే నత్రజనిలో పెద్ద భాగం మూత్రంలోనే పోతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జూలై 20న గోధన్ న్యాయ్ యోజనను ప్రారంభించి పేడను కిలో 2 రూపాయలకు కొన్నది. గోమూత్రాన్ని లీటరు 4 రూపాయలకు కొనడం మొదలైంది 2022 జూలైలో. ఆ రెంటినీ కలిపే చూడాలని ఈ పుస్తకం ఎప్పుడో చెప్పింది.

అయితే గుర్రం ఎద్దు కాదు. ఎద్దు నెమరు వేస్తుంది. గుర్రానికి పీచు పులిసేది జీర్ణాశయంలో కాదు, పెద్దపేగు భాగంలో. అందుకే లద్దెలో అరగని పీచు ఎక్కువ. అది గుల్లగా ఉండి, గాలి ఆడి, త్వరగా వేడెక్కుతుంది. పెద్ద గుర్రం రోజుకు లద్దె, మూత్రం కలిపి 20 కిలోలకు పైగా విసర్జిస్తుంది. పరుపు గడ్డితో కలిపి నెల తిరిగేసరికి దాదాపు ఒక ఘనమీటరు కుప్ప అవుతుంది. వేడి నిలవడానికి ఆ పరిమాణం చాలు. అంటే ఒక్క గుర్రం ఉన్నవారికీ ఈ పద్ధతి అందుబాటులోనిదే.

ఇక లోపాలు. మొదటిది, ఈగలు. ఎండాకాలంలో ఈగ గుడ్డు పదిరోజుల్లోపే ఈగగా మారగలదు. ఇళ్ళ పక్కన ఉన్న లాయానికి 15 రోజుల గడువు ఎక్కువ. కుప్పను వారానికొకసారి తిరగవేసి పైన పొడిమట్టి కప్పాలి. రెండవది, అమ్మోనియా. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. మూసిన లాయంలో అది గుర్రం ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. కాబట్టి తడిసిన మట్టిని నెలల తరబడి ఉంచకుండా తరచు మార్చాలి. వాసన పోతుందని సున్నం చల్లితే క్షారత పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువగా వెలువడుతుంది.

మూడవది ఆరోగ్యానికి సంబంధించినది. కుప్ప లోపల 55 డిగ్రీల సెల్సియస్ వేడి కొన్ని రోజులు నిలిస్తే నులిపురుగుల గుడ్లు నశిస్తాయి. కానీ అంచుల్లో ఆ వేడి ఉండదు. అందుకే అంచులోది లోపలికి వచ్చేలా తిరగవేయాలి. లద్దెలో ఉండే ధనుర్వాత క్రిముల సిద్ధబీజాలు మాత్రం ఈ వేడికి చావవు. చెప్పులు లేకుండా, గాయాలున్న చేతులతో కుప్పను తిప్పకూడదు. ధనుర్వాతం టీకా తప్పనిసరి.

రచయితలకు తెలిసే వీలులేని విషయం ఒకటుంది. 1981లో పశువుల మందుగా వచ్చిన ఐవర్‌మెక్టిన్ నులిపురుగులను చంపుతుంది. చాలావరకు మారకుండానే లద్దెలోకి వచ్చి పేడపురుగుల పిల్లలనూ చంపుతుంది. మందు వేసిన తర్వాత కొన్ని వారాలపాటు వచ్చే లద్దెను పొలంలో నేరుగా చల్లకుండా కుప్పలో మాగనివ్వడం మంచిది.

పుస్తకంలో నాకు వెలితిగా తోచినది మరొకటి. ఇండోర్‌లో పొలమూ, పశువులూ, కూలీలూ ఒకేచోట ఉన్నాయి. పట్టణంలో గుర్రం ఒకరిది, పొలం మరొకరిది. మధ్యలో మోసేవారు లేకపోతే లద్దె మురుగుకాలువలోకే పోతుంది. అక్కడ అది నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ఈ దూరాన్ని తగ్గించే ఉపాయం పుస్తకంలో లేదు. ఊరి చివర కూరగాయలు పండించేవారికీ, గుర్రాలవారికీ పరిచయం కలిగించడం మనం చేయగలిగిన పని.

ఇన్ని లోపాలు చెప్పినా, వ్యర్థం అనే మాటకు అర్థం మార్చిన పుస్తకం ఇది. విద్యార్థులు దీన్ని చదివి ఊరుకోక, కుప్పలో ఉష్ణమాపకం దించి రోజూ వేడిని రాసుకుంటే, ఇందులో ఏది నిలుస్తుందో, ఏది సవరించాలో వారికే తెలుస్తుంది.