చెరుకు లోపల అమ్మ

చిన్నప్పుడు బడిలో సీనరీ గీయమంటే రెండు కొండలు, నడుమ సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు గీసేవాళ్ళం. మా బోధన్ దిక్కు ఎటు చూసినా చెరుకే, కొబ్బరిచెట్టు ఏది? అయినా మార్కులు పడేవి. అదే పూట మా అమ్మ పటేలు చేన్ల చెరుకు నరికేది. ఆకు అంచు కోసి చేతులనిండ గాట్లు.

పంతులునయినంక కాపు రాజయ్య (1925–2012) బొమ్మలు చూసిన. సిద్దిపేట మనిషి. నకాషీ పద్ధతి పట్టుకొని మన ఊరిని, బోనాన్ని చిత్రంలోకి తెచ్చిండు. ఆ గౌరవం ఆయనకు దక్కాలె. కాని నాకు ఆ ఊర్ల పని కూడా పండుగ లెక్కనే కనబడతది. కాయగాసిన చెయ్యి ఏది?

ఆ చెయ్యి నాకు అమెరికాల దొరికింది. 1848లో మెక్సికో తన నేలలో పెద్దభాగం అమెరికాకు పోగొట్టుకుంది. అక్కడి మెక్సికన్ సంతతిలో హక్కులకోసం లేచినవాళ్ళు చికానోలు. వాళ్ళలో ఎస్టర్ హెర్నాండెజ్ పొలం కూలీల బిడ్డ. పురుగుమందులు తన ఊరి నీళ్ళను చెరిచినయని, 1982లో ఎండుద్రాక్ష డబ్బామీది నవ్వే పిల్లను ఎముకల గూడుగా గీసింది. అందులో కొండ లేదు, వాగు లేదు. నేను దాన్ని నేల బొమ్మ అనే అంటా.

నేలను తల్లి అనుడు పట్టా ఉన్నోనికి సులువు. మా అమ్మకు గుంట భూమి లేదు. అయినా కత్తి పట్టేముందు మన్ను కండ్లకద్దుకునేది, పొద్దుగూకితే ఆ మన్నునే తిట్టేది. 1931లో నిజాంసాగర్ కట్టినా, శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ లేచినా, 2015లో అది మూతపడినా మా వాడకు మిగిలింది కూలే.

మొన్న క్లాసుల "మీ అమ్మ పనిచేసే చేను గీయండి" అన్న. ఒక పిల్ల కాగితమంత ఆకుపచ్చ పూసి, మూలకు సద్దిగిన్నె పెట్టింది.

"అమ్మ ఏది బిడ్డా?"

"లోపలున్నది సార్. చెరుకు పొడుగున్నది గద!"