నాడీకణముల శైశవము

1925లో బోస్టను నగరమున శస్త్రవైద్యుడు హార్వే కుషింగును, ఆయన సహచరుడు పెర్సివల్ బెయిలీయును, పిల్లల చిన్నమెదడులో పుట్టి శీఘ్రముగ పెరుగు ఒక కంతిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించి దానికి మెడుల్లోబ్లాస్టోమా అని నామకరణము గావించిరి. ఏదో యొక ఆదిమకణము దానికి మూలమని వారూహించిరి గాని, ఆ ఊహాకణము నేటివరకు ఏ సూక్ష్మదర్శినికిని చిక్కలేదు. పిల్లల మెదడులో పుట్టు ప్రాణాంతకములగు కంతులలో మిక్కిలి తఱచుగా కనబడునది ఇదియే. దీని జన్మరహస్యము చాలవఱకు బయల్పడినది చికిత్సాలయములందు గాదు. నాడీకణము ఎట్లు పుట్టి, ఎట్లు నడచి, ఎచ్చట స్థిరపడునో చూడవలెనను కుతూహలముతో తరతరములుగ కృషి చేసినవారి ప్రయోగశాలలయందు.

ఆ పరంపరకు తొలి సాధనము నొసగినవాడు ఇటలీ దేశీయుడు కమిల్లో గోల్జీ. మెదడు ముక్కను పొటాషియం డైక్రోమేటులో నానవేసి, పిమ్మట సిల్వర్ నైట్రేటులో ముంచినచో, అసంఖ్యాకములగు కణములలో ఏ కొన్నియో మాత్రము శాఖోపశాఖలతో నల్లబడి, తక్కినవి కంటికి కనబడకుండునని ఆయన 1873లో ప్రకటించెను. అన్నియు నల్లబడినచో మసి తప్ప మఱేమియు కనబడియుండదు. ఆ పద్ధతి లోపమే దాని గుణమైనది. స్పెయిను దేశస్థుడు శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1887లో మాడ్రిడునందు అట్టి నమూనాలను చూచి ముగ్ధుడై, ఆ పద్ధతికి రెండు సంస్కారములు చేసెను. ముక్కను ఆ రసాయనములలో మరల మరల ముంచుట యొకటి. పెరిగిన జంతువులను విడిచి, పిండములను, అప్పుడే పుట్టిన కూనలను పరీక్షించుట రెండవది. వయసు వచ్చిన నాడీతంతువును మైలిన్ అను క్రొవ్వుతొడుగు కప్పియుండుటచే వెండి దానిలోనికి చొరదు. లేతకణమునకు ఆ యావరణము లేదు. కహాల్ ఈ సౌలభ్యముతో తృప్తినొందక, చిన్నమెదడు వెలుపలి పొరలో పుట్టిన గ్రాన్యూల్ కణము పొడవుగా సాగి, లోనికి దిగి, తన నెలవు చేరు దశల నన్నింటిని వరుసగా చిత్రించెను. ఆయన చూచినవి మృతకణములు. గీసినది వాని ప్రయాణము. నిశ్చలమైన సాక్ష్యమునుండి చలనమును తర్కించిన ఇంతటి సాహసము శాస్త్రచరిత్రలో అరుదని నా యభిప్రాయము. కణముల నిర్మాణమును గూర్చి జీవితాంతము విభేదించిన ఈ యిరువురికిని 1906లో నోబెల్ బహుమానమును పంచి యిచ్చుట విధి వినోదమే.

ఈ కణముల సంఖ్యను తలచినచో విస్మయము కలుగును. మనుష్యుని మెదడునందలి సుమారు 8,600 కోట్ల నాడీకణములలో 6,900 కోట్లు చిన్నమెదడులోనివే. వానిలో అత్యధికము ఈ గ్రాన్యూల్ కణములు. ఇవి గ్లియా యను ఆధారకణముల తంతువుల వెంబడి పయనించునని పాస్కో రాకిచ్ 1971లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో నిరూపించెను. ఆ పయనమును సజీవముగ చూపిన శాస్త్రజ్ఞురాలు, తరువాతి కాలమున న్యూయార్కు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలైన మేరీ హాటెన్. ఎలుకకూనల చిన్నమెదడు కణములను విడదీసి, సాంద్రతాభేదముగల ద్రవమునందు సెంట్రిఫ్యూజు యంత్రముచే త్రిప్పి, గ్రాన్యూల్ కణములను గ్లియానుండి వేఱుపఱచి, గాజుపాత్రలో రెంటిని మరల కలిపి, వాని నడకను ఆమెయు, సహచరుడును 1987లో వీడియో చిత్రములుగా ప్రకటించిరి. తాటిచెట్టుపై గీతగాడు మోకును ముందు జరిపి పిదప దేహమును చేర్చునట్లు, ఆ కణము కొనను ముందునకు చాచి, కేంద్రకమును వెనుకనుండి లాగుకొనుచు, గంటకు మిల్లీమీటరులో కొద్ది శతాంశముల చొప్పున సాగును.

ఇక కంతి మాట. లోనికి దిగుటకు ముందు ఈ కణములు వెలుపలి పొరలో విపరీతముగ విభజన నొందును. మానవశిశువున ఈ విభజన పుట్టిన పిదపను నెలల తరబడి సాగును. విభజింపుమని ప్రేరేపించునది క్రింది పొరలోని పర్కింజీ యను నాడీకణములు స్రవించు సోనిక్ హెడ్జ్‌హాగ్ అను ప్రోటీను. 1999లో వెక్స్‌లర్-రేయా, స్కాట్ మొదలైనవారు దీనిని స్థాపించిరి. ఆ ప్రేరణకు కళ్లెము వేయు ప్యాచ్డ్ జన్యువు చెడినచో విభజన ఆగవలసిన కాలమున ఆగదు, కణము ప్రయాణమునకు బయలుదేరదు, ఆ యాగని శైశవమే కంతి యగును. ఐనను మెడుల్లోబ్లాస్టోమాలన్నియు ఈ త్రోవన పుట్టవు. శాస్త్రజ్ఞులు 2012లో వానిని నాలుగు జాతులుగా విభజించిరి. హెడ్జ్‌హాగ్ జాతి అందొకటి మాత్రమే, వేఱొక జాతి మెదడుకాండమునుండి పుట్టును.

ఈ జ్ఞానము వెంటనే ఔషధమై ఫలించినదని చెప్పజాలము. హెడ్జ్‌హాగ్ సంకేతము నడ్డగించు విస్మోడెగిబ్ అనునది చర్మక్యాన్సరుకై 2012లో అమెరికాలో అనుమతి పొందినది గాని, బాలల యెముకల పెరుగుదలకును ఆ సంకేతమే యాధారమగుటచే, ఈ కంతికై దానిని సేవించిన కొందఱు పిల్లల ఎముకలు అకాలమున పెరుగుట మానెను. మెదడుకును వెన్నుకును ఇచ్చు కిరణచికిత్స ప్రాణమును నిలుపును గాని, లేతమెదడు బుద్ధిశక్తిని హరించును. కావున మూడేండ్లలోపు శిశువులకు వైద్యులు సాధ్యమైనంతవఱకు దానిని పరిహరింతురు. అట్టి శిశువులకు కొన్ని చికిత్సాక్రమములలో నొసగు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. అది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున రూపొందినది.