పాఠం ఎవరి చేతిలో ఉంది?

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు, 59 వేల మంది టీచర్లకు ట్యాబ్‌లు అందాయి. బైజూస్ అనే కంపెనీ పాఠాలు వాటిలోనే నింపి ఇచ్చారు. మరుసటి ఏడాది హైస్కూలు గదుల్లోకి ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరలు, రావడం మొదలైంది. డబ్బున్న ఇళ్లలో కొనుక్కుని చూసే పాఠం కూలి ఇంటి పిల్లకూ అందాలన్న పట్టుదల దీని వెనక ఉంది. ఆ పట్టుదల మీద నాకు గౌరవమే. అయితే ఈ పనిని కేరళ చేసిన పని పక్కన పెట్టి చూస్తే, మనం ఏ కొసనుంచి మొదలుపెట్టామో తెలుస్తుంది.

కేరళ 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ మొదలుపెట్టింది. ఇస్రో మాజీ ఛైర్మన్ యు.ఆర్. రావు నాయకత్వంలోని బృందం చేసిన సిఫార్సులు దానికి ఆధారం. అక్కడ బడుల్లో లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే టీచర్లలోంచే కొందరిని మాస్టర్ ట్రైనర్లుగా తీసుకుని, మిగతా టీచర్లకు వాళ్లచేతే నేర్పించారు. కంప్యూటరు చెప్పడానికి బయటినుంచి మనిషిని తెచ్చుకోలేదు. కంపెనీల సాఫ్ట్‌వేర్ వదిలి, ఎవరైనా వాడుకోదగ్గ, మార్చుకోదగ్గ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు మారారు. 2017లో ఆ పథకమే ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థ అయింది. 8 నుంచి 12 తరగతుల దాకా 45 వేల గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఇచ్చే హైటెక్ పథకం 2018లో వచ్చింది. గదిగదికీ యంత్రం చేరేనాటికి టీచర్ల చేతులకు పదిహేనేళ్లకు పైగా అలవాటు ఉంది.

తేడా ఎక్కడ పడుతుందో చూడాలంటే ఒక్క పాఠం చాలు. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం అన్న సిద్ధాంతం తీసుకుందాం. కేరళ బడుల్లో దీనికి జియోజీబ్రా వాడతారు. ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పిల్ల ఒక వృత్తం గీస్తుంది. వ్యాసం గీస్తుంది. వృత్తం మీద ఒక బిందువు పెట్టి, దాన్ని వ్యాసం రెండు కొసలకూ కలుపుతుంది. కోణం కొలిస్తే 90 డిగ్రీలు. ఇప్పుడు ఆ బిందువును పట్టుకుని వృత్తం వెంట జరిపితే గీతలు రెండూ పొడుగూ పొట్టీ అవుతుంటాయి, అంకె మాత్రం 90 దగ్గరే ఉంటుంది. టీచరుకు పని ఇక్కడే ఉంది. “బిందువును వృత్తం లోపలికి తెస్తే?” అని అడిగి, జరపడానికి ముందే జవాబు ఊహించి రాయమంటుంది. లోపలికి తెస్తే కోణం 90 దాటుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. ఊహ తప్పినవాడు “ఎందుకు?” అంటాడు. నిరూపణ అవసరం ఆ క్షణంలో పుడుతుంది. అప్పుడు వ్యాసార్ధం గీసి రెండు సమద్విబాహు త్రిభుజాలు చూపిస్తే, అది పరీక్ష కోసం బట్టీ పట్టే సరుకుగా మిగలదు.

ఇదే సిద్ధాంతం ట్యాబ్‌లోని వీడియోలో వస్తే బొమ్మ అందంగా ఉంటుంది, గొంతు స్పష్టంగా ఉంటుంది, వెనక్కి తిప్పి మళ్లీ చూసుకోవచ్చు. నెట్ లేని ఊళ్లో రాత్రిపూట ఇంటి దగ్గర కూడా చూడొచ్చు. ఇది నిజమైన మేలు, కేరళ ల్యాప్‌టాప్ బడి దాటి పిల్లాడి ఇంటికి రాదు. కానీ వీడియోలో బిందువును జరిపేది వేరెవరో. ప్రశ్న అడిగేదీ వాళ్లే, పిల్ల నోరు తెరిచేలోపు జవాబు చెప్పేసేదీ వాళ్లే. పాఠం చివర వచ్చే ప్రశ్నలకు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడమే పిల్లకు మిగిలే పని. దుర్వినియోగం కాకూడదని ట్యాబ్‌లకు తాళం వేసి ఇచ్చారు. భయం అర్థమయ్యేదే, కొన్నిచోట్ల పిల్లలు ఆ తాళం విప్పేశారన్న వార్తలూ వచ్చాయి. అయితే తాళం పడ్డ ట్యాబ్‌లో కొత్తది తయారుచేయడానికి చోటు తక్కువ, చూడటానికే ఎక్కువ. అదే సమయంలో కేరళలో 2018 నుంచి ‘లిటిల్ కైట్స్’ క్లబ్బుల్లో హైస్కూలు పిల్లలు యానిమేషన్, ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్ చేస్తున్నారు.

అందరికీ ఒకే పాఠం పంచడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల పిల్లల మీద కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియాన్ చేసిన పరిశోధన 2019లో వెలువడింది. సగటున ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులైంది. భాగహారం రాని పిల్లకు ఎనిమిదో తరగతి బీజగణితం వీడియో ఎంత బాగున్నా ఏం లాభం? ఆ పరిశోధనలో వాడిన మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లనూ పరీక్షించి, ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచి లెక్కలు ఇచ్చింది. నాలుగున్నర నెలల్లోనే గట్టి మెరుగుదల కనిపించింది. రోజూ తొంభై నిమిషాల్లో సగం కంప్యూటరు ముందు, సగం చిన్న గుంపుగా బోధకుడి దగ్గర గడిచాయన్నది మర్చిపోకూడదు.

కేరళది మచ్చలేని కథేమీ కాదు. ఐటీని పదో తరగతి పరీక్షలో సబ్జెక్టు చేశాక దానికీ బట్టీ చదువు తగులుకునే ప్రమాదం వచ్చింది. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుంటే మౌసు చురుకైనవాడి చేతికే పోతుంది. కోవిడ్‌తో బడులు మూతపడి 2020 జూన్‌లో కైట్ నడిపే విక్టర్స్ టీవీ చానల్‌లో ‘ఫస్ట్ బెల్’ పాఠాలు మొదలైనప్పుడు, టీవీ గానీ ఫోను గానీ లేని ఇళ్లు అక్కడా చాలా బయటపడ్డాయి. పిల్లకో ట్యాబ్ అన్న ఆంధ్ర ఆలోచన బలం ఆ చోట ఒప్పుకోవాలి.

అయినా నా మొగ్గు కేరళ వైపే. కారణం పాఠం మీద హక్కు. 2024 జులైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ఒక రాష్ట్రం పిల్లల పాఠాలు ఒక కంపెనీ మనుగడతో ముడిపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. దీన్ని ఒక పార్టీకి అంటగట్టడం కూడా సరికాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో సుమారు 5 వేల హైస్కూళ్లకు కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చినప్పుడూ ఇదే జరిగింది. కంపెనీలతో ఐదేళ్ల ఒప్పందం, కంపెనీల బోధకులు. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయారు. బడి టీచరుకు ఆ గదితో పని పడలేదు కాబట్టి, వాళ్లు వెళ్లాక నడిపేవాళ్లూ లేకపోయారు. కేరళలో మాస్టర్ ట్రైనర్ బదిలీ అయినా పోయేది ఇంకో బడికే.

ఐఎఫ్‌పీని ఎలా తెరవాలో నేర్పడం ఒక పూట పని. వృత్తాల పాఠంలో దాన్ని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు ఆపి పిల్లల వైపు తిరగాలో తెలియడానికి తోటి టీచర్లతో కలిసి ఏళ్ల తరబడి పనిచేయాలి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇప్పుడు హైస్కూళ్లలో తెరలున్నాయి. జియోజీబ్రా వాటి మీద పైసా ఖర్చు లేకుండా నడుస్తుంది. ప్రతి మండలంలో లెక్కలు, సైన్సు చెప్పే స్కూల్ అసిస్టెంట్లను కొందరిని ఎంచి, వారానికో రోజు ఈ పనికే వదిలి, వాళ్లు తెలుగులో తయారుచేసిన పాఠాలను ఎస్‌సీఈఆర్‌టీ అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలి. కొత్త పరికరాల టెండరు పిలిచే ముందు రెండు విద్యాశాఖలూ ఈ పని చేయాలి.