బస్సు వచ్చింది, మేడమ్ వచ్చింది

పంజాగుట్ట చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కన ఒకబ్బాయి ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు: "సారొచ్చిండ్రు, మేడమ్ కూడా వచ్చింది." అంతలో ఇంకెవరో "బస్సొచ్చింది" అని అరిచారు. సారుకి ఒక క్రియ, మేడమ్‌కీ బస్సుకీ కలిపి ఇంకో క్రియ. ఆ అబ్బాయికి మేడమ్ అంటే గౌరవం లేదనుకోను. తెలుగు నోట్లోకి అలాగే వస్తుంది.

దీనికి మన వ్యాకరణంలో పెద్ద పేరే ఉంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ పోగా మిగిలిన మాటలు మహత్తులు. అంటే మగవాళ్లు, మగ దేవుళ్లు. స్త్రీలకు 'మహతి' అని విడిగా ఒక పేరుంది గానీ, ఏకవచనంలో క్రియ మాత్రం అమహత్తులదే. బహువచనంలో మళ్లీ మనుషుల్లో కలుస్తారు: ఇద్దరు ఆడవాళ్లు వస్తే "వచ్చారు". ఒక్కతే వస్తే వస్తువుల వరస, ఇంకొకరు తోడుంటే మనుషుల వరస! ఈ ఏర్పాటు సూరి సృష్టించింది కాదు, జనం నోట్లో ఉన్నదే. కానీ అందులో ఒక గుంపుకి 'గొప్పది' అనే అర్థం ఉన్న పేరు పెట్టింది మాత్రం జనం కాదు, పండితులు. భాష చేసిన విభజన ఒకటి, దాని మీద మనం అతికించిన విలువ ఇంకొకటి. ఈ రెండిటినీ కలిపేస్తే విమర్శ గురి తప్పుతుంది.

పక్కిళ్లు చూద్దాం. తమిళంలో అతను వందాన్, ఆమె వందాళ్, బస్సు వందదు. కన్నడంలో బందను, బందళు, బందితు. ఆమెకి సొంత క్రియ ఉంది. మన ఆదిలాబాద్ వైపు మాట్లాడే గోండి, కొలామిల్లో ఇంకోలా: బహువచనంలో కూడా ఆడవాళ్లు పురుషేతరాల్లోనే ఉంటారు. ఉస్మానియాలో భాషాశాస్త్రం బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో వచ్చిన తన ద్రావిడ భాషల పుస్తకంలో ఆ పద్ధతే పాతదని వాదించారు. ఆ లెక్కన తెలుగు సగం దారి నడిచి ఆగింది.

అయితే సొంత క్రియ ఉన్నంత మాత్రాన తమిళ స్త్రీకి ఒరిగిందేమిటి? బెంగాలీ క్రియకి లింగమే లేదు. పర్షియన్‌లో అతనికీ ఆమెకీ ఒకటే సర్వనామం. ఆ భాషల సమాజాల్లో సమానత్వం వచ్చేసిందని ఎవరూ అనరు. కాబట్టి వ్యాకరణాన్ని బోనులో నిలబెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. చూడాల్సింది మనకి ఎంపిక ఉన్న చోట ఏం చేస్తున్నామని.

నా సంగతే చెప్తాను. పోయినేడాది ఒకే నెలలో రెండు కథల పుస్తకాల మీద రాశాను. ఒకాయన "రాశారు", ఒకావిడ "రాసింది". నాకు కనబడలేదు, అచ్చుతప్పులు దిద్దినవాళ్లకీ కనబడలేదు. ఆ రచయిత్రే ఫోన్ చేసి నవ్వుతూ అడిగారు: "ఆయనకి 'రాశారు' అన్నారు, నాకెందుకండీ 'రాసింది'?" మీరు వయసులో చిన్న కదా, చనువుకొద్దీ అన్నానని చెప్పబోయాను. ఆయన ఆవిడకన్నా మూడేళ్లు చిన్న! నాకు చనువు ఎవరిచ్చారు? ఇంట్లో "నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది" అంటూ పెరిగాను. అమ్మ మీద ప్రేమ తక్కువేం కాదు. ఆ ప్రేమే సాహిత్యంలోకి వచ్చేసరికి, అడక్కుండానే, ఒక మెట్టు కిందికి దింపడం అయింది.

సాహిత్యానికి ఇది కొత్తా? ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించారు. 1911లో నిషేధం పడింది. మగ కవులు రాసిన శృంగారాన్ని కావ్యంగా చదివిన వీరేశలింగం, ఈమె రాసింది మాత్రం స్త్రీ నోట రాకూడని మాటలన్నారు. సిగ్గు ఆడవాళ్లకే సహజమా అని నాగరత్నమ్మ ఆనాడే నిలదీశారు. మాటకి అర్థం ఒకటే, నోరు మారితే విలువ మారింది.

ఇప్పటి మాటలు చూడండి. 'వెధవ' విధవ నుంచి వచ్చింది. ఇవాళ మగవాణ్ణి తిట్టినా అందులో భర్త పోయిన ఆడమనిషే ఉంది. పత్రికల్లో వెంటపడి వేధించేవాడు 'ఆకతాయి', అంటే అల్లరి పిల్లాడు. వాడు చేసిన నేరం 'మానభంగం', అంటే పోయింది ఆమె మానం. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల కోసం తెచ్చిన చేతిపుస్తకం 'ఈవ్‌టీజింగ్' వద్దు, వీధుల్లో లైంగిక వేధింపు అనండి అంది. కోర్టు ఇంగ్లీషుకి ఆ పని చేసింది. మన హెడ్డింగులకి ఎవరు చేస్తారు?

నేను మాత్రం ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. ఒకే వ్యాసంలో ఇద్దరికీ "రాశారు", లేదా ఇద్దరితోనూ చనువు. ఆయనని "రాశాడు" అనడానికి చెయ్యి ఆడకపోతే, ఆమెని "రాసింది" అనడానికి ఎలా ఆడిందో ఆగి చూసుకుంటాను.

ఇంకొక్క సంగతి. హిందీలో నేనొచ్చానని చెప్పాలంటే ఆడో మగో ముందే చెప్పేయాలి. తెలుగులో "వచ్చాను", "వచ్చావు" అందరివీ. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ మన భాష తేడా చూడదు, పక్కకి వెళ్లాకే మొదలవుతుంది. ఈ వ్యాసంలో నేనెవరో ఎక్కడా చెప్పలేదు. ఇంతసేపూ మీరు నన్ను ఏ గొంతుతో చదివారు? రేపు ఎవరికైనా దీని గురించి చెప్తే "రాశారు" అంటారా, "రాశాడు" అంటారా, "రాసింది" అంటారా?