భ్రాంతిని తొలగించే భ్రాంతి: ఘంటసాల ‘పుష్పవిలాపం’ – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఒకే భావం చుట్టూ పాటలను, మాటలను వరుసగా కూర్చిన ధ్వనిముద్రణను నేడు ‘కాన్సెప్ట్ ఆల్బమ్’ అని వ్యవహరిస్తున్నారు. ఆ లక్షణాలకు దగ్గరగా ఉన్న తెలుగు రచన ‘పుష్పవిలాపం’. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి (1912–1992) ‘ఉదయశ్రీ’లోని ఈ ఖండికను ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) పద్యాలను గానంగా, వాటి నడుమ వచనాన్ని మాటగా రికార్డుపై వినిపించారు. పూజకు పూలు కోయబోయిన భక్తుణ్ణి పూలు నిలదీస్తాయి. అతడు వట్టిచేతులతో దేవుని ముందు నిలుస్తాడు. దీనిని కరుణరసానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అయితే వాస్తవం గురించి మనిషి పెంచుకున్న భ్రమలను ఇది పరీక్షకు పెట్టే తీరు కూడా గమనించదగినది.

2. రెండు భ్రమలు

అందం దానిని కోసుకున్నవారి సొత్తు అనేది మొదటి భ్రమ. దేవునికి అర్పిస్తే హింస పుణ్యమవుతుందనేది రెండవది. నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరే యాత్రికులకు ఒక నియమం సుపరిచితం. తిరుమలలో పూలన్నీ శ్రీనివాసునికే. మనుషులు ధరించరాదు. ఆ నియమం మొదటి భ్రమను తొలగిస్తుంది. కరుణశ్రీ మరొక అడుగు వేసి, దేవుని పేరిట తెంచడాన్ని కూడా ప్రశ్నిస్తాడు. ప్రశ్నించేది నాస్తికుడు కాదు, భక్తుడే. పూజ చేయలేకపోయినందుకు అతడు చెప్పుకొనే సంజాయిషీయే ఇక్కడ పూజ అవుతుంది.

3. ఒకే గొంతు, రెండు పక్షాలు

ప్రకృతికి మానవభావాలను ఆరోపించడం దోషమని ఆంగ్ల విమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో వాదించాడు. ఆ కొలతతో చూస్తే పూలు మాట్లాడటం కేవలం కాల్పనికత. కానీ ముగింపులో భక్తుడు పూలు తిట్టాయని రూఢిగా చెప్పడు, తిట్టినట్లు అయిందంటాడు. ఆ ‘అట్లు’ కీలకం. ఇది భ్రాంతి అని అతనికి తెలుసు. అయినా చేయి ఆగిపోయింది. కలలో కనిపించిన సింహం నిద్రనుంచి మేల్కొలుపుతుందనే వేదాంతుల దృష్టాంతం ఇక్కడ సరిపోతుంది. గానం ఈ అర్థాన్ని బలపరుస్తుంది. భక్తుని పద్యాలను, పూల పద్యాలను ఒకే గొంతు పాడుతుంది. అందువల్ల పూల మాట బయటినుంచి కాక, భక్తుని లోపలినుంచే వచ్చినట్లు శ్రోతకు స్ఫురిస్తుంది. చదివేటప్పుడు ఇంత స్పష్టంగా తోచని ఈ అంశం వినేటప్పుడు తేటపడుతుంది.

4. పరిమితి

అయితే ఈ రచన ప్రశ్నించని భ్రమ ఒకటుంది. ఇందులో పువ్వు సుకుమారమైన కన్య. ఆమె నింద మాత్రం పూలు ముడుచుకునే స్త్రీలపైకి మళ్లుతుంది. బాధితురాలూ, నిందితురాలూ స్త్రీయే కాగా, కరుణించే అవకాశం పురుషునికి దక్కింది. పూలు పెంచి, మాలలు కట్టి బతికేవారి శ్రమకు ఈ తోటలో చోటు లేదు. సౌందర్యాన్ని జీవనోపాధినుంచి వేరుచేసి చూడటం భావకవిత్వపు దృష్టికి ఉన్న హద్దు.

5. ముగింపు

‘పుష్పవిలాపం’ విలువ పూలకు మాటలు ఇవ్వడంలో మాత్రమే లేదు. మనిషి అలవాటును ఒక్క క్షణం ఆపగలిగే శక్తి కల్పనకు ఉందని అది నిరూపిస్తుంది. ఆ క్షణంలో ఎవరి గొంతు వినిపించిందో, ఎవరి గొంతు వినిపించలేదో విచారించడం పాఠకుని పని. తరగతి గదిలో ఈ ఖండికను కరుణరసంతో ముగించక, ఈ రెండు ప్రశ్నలతోనూ బోధించడం సముచితం.