వారానికో వ్యాసం

ఆక్స్‌ఫర్డ్‌లో తత్త్వశాస్త్రం చదివే విద్యార్థి వారానికి ఒక వ్యాసం రాయాలి. టర్ము ఎనిమిది వారాలు, ఏడాదికి మూడు టర్ములు. వారం మొదట్లో ట్యూటర్ ఒక ప్రశ్న ఇచ్చి, దాని కింద చదవాల్సిన అయిదారు వ్యాసాల పేర్లు రాస్తారు. విద్యార్థి అవి చదివి, దాదాపు 2,000 పదాల్లో తన సమాధానం రాసుకుని ట్యూటర్ గదికి వెళ్లి, గంటసేపు దాన్ని కాపాడుకోవాలి. ఆ గదిలో ట్యూటర్ కాక ఒకరో ఇద్దరో విద్యార్థులు ఉంటారు, అంతే. వెనకటి రోజుల్లో వ్యాసాన్ని పైకి చదివి వినిపించేవారు. ఇప్పుడు చాలామంది ట్యూటర్లు ముందే తెప్పించుకుని, పక్కన పెన్సిలు గీతలు పెట్టి ఉంచుతారు. దీన్ని ట్యుటోరియల్ అంటారు. లెక్చర్లు కూడా ఉంటాయి కానీ చదువుకు వెన్నెముక ఈ గంటే.

ఈ వ్యాసాలకు మార్కులు కలవవు. డిగ్రీలో ఏ క్లాసు వస్తుందో తేల్చేది చదువు చివర్లో జరిగే పరీక్షలు. నల్ల గౌను వేసుకుని, మొదటి పరీక్షకు తెల్ల కార్నేషన్ పువ్వు, మధ్యలోవాటికి గులాబీ రంగుది, చివరిదానికి ఎర్రది గుండీకి పెట్టుకుని వెళ్తారు. వారం వారం రాసిన కాగితాల్లో ఒక్కటీ ఆ లెక్కలోకి రాదు. మార్కులు లేవు కాబట్టే అక్కడ తప్పు చేయడానికి వీలుంటుంది. తత్త్వశాస్త్రం నేర్చుకునేవారికి ఇంతకన్నా అవసరమైన వసతి లేదు. మన దగ్గర ఎం.ఏ. వరకు వచ్చిన విద్యార్థి కూడా ప్రశ్నకు ‘రాయాల్సిన జవాబు’ ఎక్కడో ఉందని, దాన్ని వెతికి పట్టుకుని రాయడమే తన పని అని అనుకునేలా పెరుగుతాడు. ఆక్స్‌ఫర్డ్ గదిలో మొదటి నెల కష్టమంతా ఆ అలవాటును వదిలించుకోవడంతోనే సరిపోతుంది.

డిగ్రీ స్థాయిలో ఆక్స్‌ఫర్డ్ తత్త్వశాస్త్రాన్ని విడిగా బోధించదు. గ్రీకు, లాటిన్ సాహిత్యంతో, గణితంతో, భౌతికశాస్త్రంతో, లేదా రాజనీతి, అర్థశాస్త్రాలతో, ఇలా మరో విషయంతో కలిపి చదవాలి. చివరి జోడింపే 1920లో మొదలై పేరుకెక్కిన పీపీఈ.

గదిలో ఏం జరుగుతుందో చెప్పడానికి ఒక్క వారం చాలు. ఆ వారం ప్రశ్న ‘జ్ఞానం అంటే ఏమిటి?’ అనుకుందాం. జాబితాలో మొదటిది ఎడ్మండ్ గెటియర్ 1963లో ‘అనాలిసిస్’ పత్రికలో రాసిన వ్యాసం. మూడే పేజీలు. నమ్మకం నిజమై ఉండి, దానికి తగిన ఆధారం ఉంటే అది జ్ఞానం అన్న పాత నిర్వచనాన్ని ఆ మూడు పేజీలు పడగొట్టాయి. స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. ఉద్యోగం జోన్స్‌కే వస్తుందని కంపెనీ అధిపతి స్మిత్‌తో చెప్పాడు. జోన్స్ జేబులో పది నాణేలున్నాయని స్మిత్ స్వయంగా లెక్కపెట్టి చూశాడు. అందుకని ‘ఉద్యోగం వచ్చే మనిషి జేబులో పది నాణేలున్నాయి’ అని నమ్మాడు. తీరా చూస్తే ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది. అతని జేబులో కూడా, అతనికి తెలియకుండానే, పది నాణేలున్నాయి. నమ్మింది నిజమైంది, ఆధారమూ ఉంది. అయినా స్మిత్‌కు ఆ సంగతి ‘తెలుసు’ అనడానికి నోరు రాదు.

విద్యార్థి ఆల్విన్ గోల్డ్‌మన్ 1967లో చూపిన దారి పట్టుకున్నాడనుకుందాం. నమ్మకానికీ, దాన్ని నిజం చేసిన సంగతికీ మధ్య కారణ సంబంధం ఉండాలన్నది ఆ దారి. స్మిత్ జేబులో నాణేలకూ అతని నమ్మకానికీ ఏ సంబంధమూ లేదు, కాబట్టి అది జ్ఞానం కాదు. వ్యాసం నున్నగా తేలింది. అప్పుడు ట్యూటర్ అడుగుతారు: ఒకాయన కారులో పల్లెల మీదుగా వెళ్తూ ఒక కొట్టాన్ని చూసి ‘అదుగో కొట్టాం’ అన్నాడు. అది నిజం కొట్టామే. కానీ ఆ చుట్టుపక్కల కనిపించే మిగతావన్నీ రోడ్డు వైపు ముఖం మాత్రమే నిలబెట్టిన ఉత్తుత్తి కొట్టాలు. ఆ సంగతి ఆయనకు తెలియదు. చూసింది కళ్లతో, కారణ సంబంధం చెక్కుచెదరలేదు. మరి ఆయనకు తెలిసినట్టేనా?

ఇక్కడ గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించడం కూడా చదువులో భాగమే. తెలిసినట్టేనని పట్టుబట్టి, ఎందుకో చెప్పవచ్చు. సిద్ధాంతానికి ఒక షరతు కలపవచ్చు. ఒప్పుకుని వదిలేయవచ్చు. ఏది చేసినా కారణం చెప్పి చేయాలి, ‘నా అభిప్రాయం ఇది’ అంటే సరిపోదు. ఈ కొట్టాల ఉదాహరణను 1976లో అచ్చులోకి తెచ్చింది గోల్డ్‌మనే. తన సిద్ధాంతానికి గండి కొట్టే ఉదాహరణను తానే చూపి, తొమ్మిదేళ్ల కింద తాను చెప్పినదాన్ని తానే మార్చుకున్నాడు. పట్టుదల ఎంత ఉండాలి, ఎక్కడ వదలాలి అన్నదానికి విద్యార్థి ముందు ఇంతకన్నా మంచి పాఠం పెట్టలేం.

ఎదుటివాడి మాటను అతనికన్నా బలంగా చెప్పి, ఆ తర్వాతే తన మాట చెప్పడం అన్న ఈ పద్ధతి తెలుగు విద్యార్థికి పరాయిది కాదు. ముందు పూర్వపక్షం, తర్వాత సిద్ధాంతం. మన భాష్యాలన్నీ ఆ వరసలోనే నడిచాయి. ఉదాహరణలు కూడా మనవి ఉన్నాయి. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో అనుమానం (గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం) అనే ప్రమాణాన్ని వివరించింది కొండ మీద కనిపించే పొగతోనే. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. అయితే 8వ శతాబ్దంలోనే ధర్మోత్తరుడనే బౌద్ధ తార్కికుడు దీనికో చిక్కు పెట్టాడు. మాంసం కాల్చడానికి ఎవరో నిప్పు రాజేశారు. ఇంకా పొగ లేవలేదు. వాసనకు ఈగలు గుంపుగా మూగాయి. దూరం నుంచి చూసినవాడు ఆ గుంపును పొగ అనుకుని ‘అక్కడ నిప్పు ఉంది’ అన్నాడు. నిప్పు ఉన్న మాట నిజమే. అతనికి తెలిసిందా? గెటియర్ పది నాణేలకూ ఈ ఈగల గుంపుకూ మధ్య దాదాపు పన్నెండు వందల ఏళ్లు. చిక్కు మాత్రం ఒకటే.

ఈ రెండు లోకాలను ఒకే బల్ల మీద పెట్టి చదివిన పండితుడు బిమల్ కృష్ణ మతిలాల్. కలకత్తాలో సంస్కృతం, న్యాయదర్శనం చదివి హార్వర్డ్‌కు వెళ్లి, సంస్కృత పండితుడు ఇంగల్స్ దగ్గర, తత్త్వవేత్త క్వైన్ దగ్గర చదువుకుని, నవ్యన్యాయంలో అభావం అనే భావన మీద పరిశోధన చేసి 1965లో డాక్టరేట్ తీసుకున్నారు. 1976 నుంచి 1991లో చనిపోయే దాకా ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ప్రొఫెసర్. అదే పీఠంలో 1936లో మొదట కూర్చున్నది తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పదవి నుంచి నేరుగా. ఆయన విదేశంలో చదువుకోలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. చేసి, విదేశానికి చదువు చెప్పడానికే వెళ్లారు. ఆయనతో పాటు వాల్తేరులోని ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పి.టి. రాజు తర్వాత అమెరికాలో ఒహాయోలోని వూస్టర్ కాలేజీలో బోధించారు.

ఇంత చరిత్ర ఉన్నా, పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల భారతీయ దర్శనాలు తత్త్వశాస్త్ర విభాగంలో కనిపించవు. మతాల అధ్యయనం అనో, దక్షిణాసియా అధ్యయనం అనో మరో విభాగంలో ఉంటాయి. ఇది ఆ విభాగాల లోటే. న్యాయమో మాధ్యమికమో చదవాలనుకున్నవారు దరఖాస్తు పెట్టే ముందు ఆ గురువు ఏ విభాగంలో కూర్చుంటారో చూసుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక మంచి దరఖాస్తులు తప్పు గుమ్మానికి వెళ్లిపోతాయి.

డిగ్రీ అయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో రెండేళ్ల బీఫిల్ ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, 1946లో, తత్త్వవేత్త గిల్బర్ట్ రైల్ పూనికతో ఇది మొదలైంది. తత్త్వశాస్త్రం బోధించబోయేవారిని తయారు చేయడం దీని ఉద్దేశం. వారం వారం రాసిన చిన్న వ్యాసాలు ఇక్కడ పెద్దవవుతాయి, చివర్లో 30,000 పదాలకు మించని థీసిస్ ఉంటుంది. పదాలకు పై హద్దు పెట్టడం మంచి నియమం. తగ్గించడం నేర్చుకున్నవారే చెప్పదలచుకున్నది ఏమిటో తేల్చుకుంటారు.

జర్మనీలో నడక వేరు. అక్కడ చదువు సెమినార్ చుట్టూ తిరుగుతుంది. ఒక సెమిస్టరంతా ఒకే పుస్తకం, కొన్నిచోట్ల అందులోనూ కొన్ని పేజీలే. కాంట్ శుద్ధప్రజ్ఞా విమర్శ అయితే 1781 నాటి మొదటి ముద్రణ పేజీకి ‘ఎ’, 1787 నాటి రెండో ముద్రణ పేజీకి ‘బి’ గుర్తు. ప్రపంచంలో ఏ భాషలో, ఎవరు అచ్చు వేసిన ప్రతి ముందున్నా ఆ అంకె చెబితే అందరూ ఒకే వాక్యం దగ్గరికి చేరతారు. ఒక విద్యార్థి ఆ భాగాన్ని వివరిస్తూ మాట్లాడతాడు, దాన్ని రెఫెరాట్ అంటారు. సెమిస్టర్ ముగిశాక ఇంట్లో కూర్చుని పదిహేను, ఇరవై పేజీల హౌస్‌ఆర్బైట్ రాయాలి. వారం వారం తట్టిలేపే ట్యూటర్ ఉండరు. ఈ స్వేచ్ఛ కొందరికి రెక్కలిస్తుంది, కొందరికి రాయని వ్యాసాలు కుప్ప పడతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివారు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. తత్త్వశాస్త్రానికి పేరుపడ్డ హైడెల్‌బెర్గ్, ట్యూబింగెన్, ఫ్రైబుర్గ్ మూడూ ఆ రాష్ట్రంలోవే. మ్యూనిక్‌లో తర్కం, విజ్ఞానతత్త్వం మీద మాస్టర్స్ ఇంగ్లిష్‌లోనే ఉన్నా, కాంట్‌నో హెగెల్‌నో దగ్గరగా చదవాలంటే జర్మన్ రావాలి. వాక్యం చివరిదాకా క్రియ కోసం ఎదురుచూడటం తెలుగువారికి కొత్త కాదు, ఆ భాషలో మనకు కలిసొచ్చే అంశం అదొక్కటి.

ఫ్రాన్స్‌లో తత్త్వశాస్త్రం బడిలోనే మొదలవుతుంది. బకలోరియా పరీక్షలో నాలుగు గంటలు కూర్చుని ఒకే ఒక ప్రశ్న మీద వ్యాసం రాయాలి. బోధకుల ఎంపికకు జరిగే అగ్రెగాసియోఁలో అదే పని ఏడు గంటలు సాగుతుంది.

అమెరికాలో డిగ్రీ పూర్తయినవారిని నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటారు. పేరున్న విభాగాలు ఫీజు మాఫీ చేసి, బతకడానికి స్టయిపెండ్ ఇస్తాయి, బదులుగా డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పిస్తాయి. మొదటి రెండేళ్లు కోర్సులు, అందులో తర్కం తప్పనిసరి, ఆ తర్వాత థీసిస్. అయిదారేళ్లు పడుతుంది. ఈ చదువు ఎప్పుడు ఎవరికి ఎలా అక్కరకొస్తుందో ముందే చెప్పలేం. 1913లో కొలంబియాకు వెళ్లిన అంబేడ్కర్ ప్రధానంగా అర్థశాస్త్ర విద్యార్థి. అయినా తత్త్వవేత్త జాన్ డ్యూయీ తరగతుల్లో కూర్చున్నారు. 1936లో ‘కుల నిర్మూలన’ రాసినప్పుడు డ్యూయీని తన గురువుగా చెప్పుకుని, ఆయనకు తన రుణం ఎంతో ప్రకటించారు.

దరఖాస్తు సంగతి విడిగా చెప్పాలి. హైదరాబాద్‌లో, విజయవాడలో కన్సల్టెన్సీలకు కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. దారి కంఠోపాఠం. ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాసిపెట్టే మనిషి కూడా అక్కడే దొరుకుతాడు. తత్త్వశాస్త్రంలో తలుపు తెరిచేది ఎస్ఓపీ కాదు, రైటింగ్ శాంపిల్. పదిహేను, ఇరవై పేజీల్లో ఒక్క సమస్య పట్టుకుని ఒక్క వాదన నడిపించిన వ్యాసం. ‘ఉపనిషత్తుల నుంచి అస్తిత్వవాదం దాకా’ అన్న తరహా శీర్షిక చూస్తే ఎంపిక సంఘం పక్కన పెడుతుంది. ఒక తత్త్వవేత్త, ఒక గ్రంథంలోని ఒక భాగం, అందులో ఒక వాదన, దానికి రాగల బలమైన ఆక్షేపణ, ఆ ఆక్షేపణకు జవాబు ఉంటే చాలు. ఈ శాంపిల్ తయారీకి ఆర్నెల్లు పెట్టినా ఎక్కువ కాదు. దాన్ని మరొకరి చేత రాయించుకుంటే మోసం సరే, అంతకుమించి చదువుకునే మొదటి అవకాశమే పోతుంది. అమెరికాలో దరఖాస్తులు డిసెంబరు, జనవరిలో వెళ్తాయి. సీటు వచ్చినవారు ఏప్రిల్ 15 లోపు ఒప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌కు ఫీజు బరువు. రోడ్స్, కామన్‌వెల్త్, ఫెలిక్స్ వంటి స్కాలర్‌షిప్‌లు లేకుండా, ఇల్లు తాకట్టు పెట్టి తత్త్వశాస్త్రానికి వెళ్లడం ఎవరికీ సలహా ఇవ్వదగ్గది కాదు. చదువయ్యాక బోధన ఉద్యోగాలు అక్కడా తక్కువే.

ఈ చదువంతా చివరికి ఒక గదిలో, ఒక ప్రశ్న ముందు తేలుతుంది. డాక్టరేట్ మౌఖిక పరీక్ష జరిగే ఆ గది ఇంగ్లండ్‌లో మూసి ఉంటుంది. ఇద్దరు పరీక్షకులు, మధ్యలో థీసిస్, రెండు మూడు గంటలు. నెదర్లాండ్స్‌లో అదే పని నలుగురి ముందు జరుగుతుంది. తల్లిదండ్రులు, స్నేహితులు ఎదురుగా కూర్చుంటారు, ప్రొఫెసర్లు గౌనుల్లో వరసగా వచ్చి ఆక్షేపణలు వేస్తారు. ముప్పావు గంటో గంటో గడిచాక, రాజదండం లాంటి కర్ర పట్టుకున్న విశ్వవిద్యాలయ ఉద్యోగి లోపలికి వచ్చి లాటిన్‌లో ‘హోరా ఎస్ట్’ అంటాడు. వేళయింది అని అర్థం. మన పంచాంగంలో ‘హోర’కు మూలమైన గ్రీకు మాటే ఆ ‘హోరా’కూ మూలం. ఆ మాట వినబడగానే అభ్యర్థి జవాబు ఎంత దూరం వచ్చి ఉంటే అక్కడ, వాక్యం మధ్యలోనైనా, ఆపేయవచ్చు.