ఎడమవైపు ఎన్ని పేర్లు?

మాట్‌లాబ్‌లో ఒక మాత్రికకు ఐగెన్ విలువలు కావాలంటే ఈగ్ అనే ఫంక్షన్‌ని పిలుస్తాం. సమాన చిహ్నానికి ఎడమవైపు ఒక్క పేరే రాస్తే ఆ విలువలు నిలువు వరుసగా వస్తాయి. చదరపు బ్రాకెట్లలో రెండు పేర్లు రాస్తే మొదటిదాంట్లోకి ఐగెన్ వెక్టర్లు, రెండోదాంట్లోకి విలువలను కర్ణం మీద పేర్చిన మాత్రిక వచ్చి చేరతాయి. ఫంక్షన్ అదే, మాత్రిక అదే. మారిందల్లా ఎడమవైపు పేర్ల సంఖ్య. ఆ సంఖ్య ఫంక్షన్‌కి లోపల తెలుస్తుంది కాబట్టి, అడగని వెక్టర్ల కోసం లెక్క కట్టే శ్రమ తప్పించుకోగలదు. ఒకే వాక్యంలో పలు చరరాశులకు విలువలివ్వడాన్ని చాలామంది టైపింగ్ ఆదా చేసే సదుపాయంగానే చూస్తారు. నాకు మాత్రం ఈ భాష అసలు తెలివి అక్కడే ఉందనిపిస్తుంది.

దీని మూలం భాష పుట్టుకలోనే ఉంది. 1970ల చివర్లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ తన విద్యార్థులు ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు రాయకుండానే లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ లైబ్రరీలను వాడుకోవాలని మాట్‌లాబ్ తయారుచేశాడు. ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్‌లో ఇచ్చేవీ పుచ్చుకునేవీ ఒకే జాబితాలో కలగలిసి ఉంటాయి. ఏది ఏదో కంటికి ఆనదు. మోలర్ ఫలితాలను ఎడమకు తెచ్చాడు. అప్పట్లో వాటి చుట్టూ కోణ బ్రాకెట్లు ఉండేవి. ఒక మాత్రికను క్యూ, ఆర్ అనే రెండు మాత్రికలుగా విడగొట్టే వాక్యం పాఠ్యపుస్తకంలోని సూత్రంలాగే కనబడటం మొదలైంది.

అయితే పేర్ల లెక్కతో జాగ్రత్తగా ఉండాలి. 480 వరుసలు, 640 నిలువు వరుసలు ఉన్న కలర్ ఫొటోని తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలతో అది మూడు పరిమాణాల పట్టిక. సైజ్ ఫంక్షన్‌ని రెండు పేర్లతో అడిగితే మొదటిది 480, రెండోది 1920! మిగిలిన పరిమాణాలన్నీ గుణించి చివరి పేరులో పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. ఇమేజ్ ప్రాసెసింగ్ ల్యాబ్‌లో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఇది. మూడో పేరు రాస్తే చాలు, 640 తన చోట తాను ఉంటుంది. ఆ మూడోది అక్కర్లేకపోతే దాని స్థానంలో టిల్డా గుర్తు పెట్టొచ్చు. 2009 నుంచి ఆ వెసులుబాటు ఉంది.

మన దగ్గరున్న విలువలనే పలు పేర్లకు పంచాలంటే డీల్ అనే ఫంక్షన్ ఉంది. బంతిలో వడ్డించినట్టు కుడివైపు మొదటిది ఎడమవైపు మొదటి పేరుకి, రెండోది రెండోదానికి వెళ్తుంది. కుడివైపు ఒక్కటే ఉంటే అందరికీ అదే. రెండు చరరాశులను తారుమారు చేయడానికి తాత్కాలికంగా మూడోది అక్కర్లేదు: కుడివైపు విలువలు ముందే చదివేస్తుంది కాబట్టి పేర్లు అటూ ఇటూ మార్చి రాస్తే సరిపోతుంది. జూలియా భాషలో దీనికి ఫంక్షన్ కూడా అవసరం లేదు, కామా చాలు.

పైథాన్‌లోని నమ్‌పై లైబ్రరీ నుంచి వచ్చేవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ రెండు పేర్లను వరుస సమాన చిహ్నాలతో ఒకే సున్నాల పట్టికకు కలిపితే, ఒకదాంట్లో మార్చిన అంకె రెండోదాంట్లోనూ మారుతుంది. డీల్‌తో పంచిన పట్టికలు అలా కావు. ఒకదాన్ని మార్చగానే దానికి సొంత నకలు ఏర్పడుతుంది, రెండోదాంట్లో సున్నాలు అలాగే ఉంటాయి.